రోటరీ టూల్‌కు కటింగ్ వీల్ బిగించడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చేతిలో పట్టుకుని వాడే చిన్న రోటరీ టూల్ గురించి ఈ శీర్షికకు కొంతకాలంగా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం కోత గురించి కాదు, కోత మొదలయ్యే లోపే కటింగ్ వీల్, అంటే దానికి తగిలించే సన్నని కోత బిళ్ళ, పెట్టే ఇబ్బందుల గురించి. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ బిగింపుకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: పెద్ద కిట్‌తో సహా ఒక రోటరీ టూల్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. తుప్పు పట్టి కదలని గేటు బోల్టును కోయాలని కిట్‌లోని సన్నని గోధుమరంగు బిళ్ళ తగిలించాను. మొదటిది స్క్రూ బిగిస్తుండగానే పగిలింది. రెండవదాన్ని భయపడుతూ కొద్దిగా బిగిస్తే, బోల్టుకు తాకగానే బిళ్ళ ఆగిపోయి కాడ ఒక్కటే తిరిగింది. మూడవది బాగానే కోస్తూ మధ్యలో ముక్కలై ఎగిరిపోయింది. అసలు స్క్రూను ఎంత బిగించాలి?
- ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మూడు బిళ్ళలూ మూడు వేర్వేరు కారణాల వల్ల పోయాయి గనుక, బిగింపు ఎంత అన్న ఒక్క మాటకు జవాబు చెబితే మీ చిక్కు తీరదు.

మొదటి బిళ్ళ సంగతి చూద్దాం. మీరు వర్ణించిన సన్న బిళ్ళ మందం సాధారణంగా 0.6 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రాపిడి పొడిని బంధక పదార్థంతో కలిపి అచ్చు వేసిన ఆ బిళ్ళ, రెండు వైపుల నుంచి సమంగా నొక్కితే తట్టుకుంటుంది గాని, కొంచెం వంగినా నిలవదు. మాండ్రెల్ అనే కాడ కొసన చిన్న మెట్టు ఉంటుంది, ఆ మెట్టుకూ స్క్రూ తలకూ మధ్య బిళ్ళ ఇరుక్కుని నిలబడాలి. ఆ మెట్టు మీద పాత బిళ్ళ రజను రేణువు ఒక్కటి మిగిలి ఉన్నా, చౌక మాండ్రెళ్ళలో తరచు కనిపించే లోహపు పిసరు అంచున లేచి ఉన్నా, స్క్రూ బిగుస్తున్న కొద్దీ బిళ్ళ దాని మీద వంగి, మధ్య రంధ్రం నుంచి అంచుదాకా చీలుతుంది. వేలిగోటితో మెట్టు చుట్టూ ఒకసారి తడిమి చూడండి. గోరు ఎక్కడైనా పట్టుకుంటే మాండ్రెల్ కొసను నిలువుగా ఎమరీ పేపర్ మీద నాలుగు రుద్దులు రుద్ది, గుడ్డతో తుడవండి. కొన్ని కిట్లలో చిన్న ఫైబర్ వాషర్లు కూడా ఇస్తారు. అవి అదనపు సామాను అనుకుని చాలామంది పక్కన పడేస్తారు, కానీ బిళ్ళకు అటూ ఇటూ వేస్తే ఒత్తిడిని సమంగా పంచేవి అవే.

రెండవ బిళ్ళ జారిపోవడానికి బిగింపు తక్కువ కావడమే కారణమని మీరు అనుకుంటున్నారు. కావచ్చు. అయితే ఇంకొక కారణం ఎక్కువసార్లు కనిపిస్తుంది. మాండ్రెల్ లోపలి మర రంధ్రం లోతుకన్నా స్క్రూ పొడవుగా ఉంటే, స్క్రూ కొస అడుగు తగిలి ఆగిపోతుంది, తల మాత్రం బిళ్ళను తాకీ తాకనట్టు ఉంటుంది. స్క్రూడ్రైవర్ పట్టిన చేతికి అది గట్టిగా బిగిసినట్టే తెలుస్తుంది, బిళ్ళ మాత్రం వదులుగానే ఉంటుంది. బిగించిన తరువాత బిళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని, రెండవ చేత్తో కాడను తిప్పి చూడండి. బిళ్ళ కదలకుండా కాడ తిరిగితే ఎంత బిగించినా ప్రయోజనం లేదు. ఒక వాషర్ అదనంగా వేయండి, లేదా రెండు సన్న బిళ్ళలను జంటగా పెట్టండి. జంట బిళ్ళల కోత కొద్దిగా వెడల్పు అవుతుంది, గేటు బోల్టుకు అది నష్టమేమీ కాదు.

మూడవ బిళ్ళ బిగింపు వల్ల పోలేదు, పక్క ఒత్తిడి వల్ల పోయింది. బిళ్ళ కొంత లోతుకు దిగాక చెయ్యి కాస్త వాలితే చాలు, గాడి గోడలు రెండు వైపులా పట్టేస్తాయి. తుప్పు బోల్టుకు ఆ సన్న బిళ్ళ అసలు తగదనే నా అభిప్రాయం. గాజుపీచు వల లోపల పరచి చేసిన బలమైన బిళ్ళలు దొరుకుతాయి, ధర ఎక్కువైనా చెయ్యి ఇంకా కుదరని కొత్తవారు వాటితోనే మొదలుపెట్టాలి. అవి వంగితే కొంతవరకు ఓర్చుకుంటాయి, అరిగి అరిగి చిన్నవవుతాయే తప్ప తేలికగా ముక్కలు కావు. ఏ బిళ్ళ అయినా కళ్ళద్దాలు చాలవు, పక్కలు మూసి ఉన్న రక్షణ అద్దాలు పెట్టుకోండి. బిళ్ళ తిరిగే తలానికి ఎదురుగా ముఖం ఉంచకండి.

ఇక మీరు అడిగిన కొలత. స్క్రూను వేళ్ళతో తిరిగినంత వరకు తిప్పి, ఆపైన స్క్రూడ్రైవర్‌తో పావు తిప్పు లోపే ఆపండి. అంతకు మించి ఎందుకు అక్కరలేదో తరువాతి ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఉంది.

ప్రశ్న: మాది కవరింగ్ నగల పని. మైక్రోమోటార్‌కు (కంట్రోల్ బాక్సుకు తీగతో కలిపి ఉండే, చేత్తో పట్టే చిన్న మోటారు) చిన్న కటింగ్ బిళ్ళ పెట్టి ఇత్తడి తీగలు, కొక్కేలు కోస్తుంటాం. ఎన్నాళ్ళుగానో ఇబ్బంది లేదు. ఇప్పుడు కొద్ది రోజులుగా స్క్రూ పని మధ్యలో దానంతట అదే ఊడి వస్తోంది. మాండ్రెల్ మార్చాం, స్క్రూ మార్చాం, చివరికి మరకు జిగురు కూడా పూశాం. జిగురు పూస్తే బిళ్ళ మార్చేటప్పుడు స్క్రూ రావడం లేదు.
- ఒక పాఠకుడు, మచిలీపట్నం

సమాధానం: కంట్రోల్ బాక్సు మీద మోటారు తిరిగే దిశ మార్చే స్విచ్ ఉంటుంది. ముందు దాన్ని చూడండి. బహుశా ఎవరి చెయ్యో తగిలి అది ఉల్టాకు మారి ఉంటుంది.

కారణం ఇది. మామూలుగా ఈ పరికరాలు, వెనుక నుంచి అంటే మీరు పట్టుకున్న వైపు నుంచి చూస్తే, గడియారపు ముళ్ళ దిశలో తిరుగుతాయి. స్క్రూ తల ఉన్న వైపు నుంచి చూస్తే అదే భ్రమణం అందుకు వ్యతిరేకంగా కనిపిస్తుంది. బిళ్ళ లోహాన్ని తాకినప్పుడు దానికి అడ్డు తగిలి, కాడ కన్నా వెనకబడాలని చూస్తుంది. కాడతో పోల్చి చూస్తే ఆ వెనుకబాటు స్క్రూ వైపు నుంచి గడియారపు దిశలో, అంటే స్క్రూ బిగిసే దిశలోనే ఉంటుంది. కాబట్టి సరైన దిశలో తిరుగుతున్నంత కాలం కోత తానే స్క్రూను బిగిస్తూ ఉంటుంది. తెనాలి పాఠకుడికి పావు తిప్పు చాలునని చెప్పడానికి కారణం అదే. దిశ మారితే ఆ ఒత్తిడే స్క్రూను విప్పుతుంది, అప్పుడు మీరు ఎంత బిగించినా, ఏ జిగురు పూసినా అది తాత్కాలికమే.

స్విచ్ సరిగానే ఉంటే రెండవ అనుమానం మోటారును ఆపే పద్ధతి మీద పెట్టుకోవాలి. పూర్తి వేగంలో ఉన్న మోటారును ఒక్కసారిగా ఆపే అలవాటు కొందరికి ఉంటుంది. మోటారు చటుక్కున ఆగితే బిళ్ళ తన జోరులో ముందుకు పోవాలని చూస్తుంది, అది స్క్రూను విప్పే దిశ. దానంతట అది ఆగేదాకా గాలిలోనే ఉంచండి. కొందరు నగలకు రెండు వైపుల నుంచి మెరుగు పెట్టడం కోసం కావాలనే దిశ మారుస్తుంటారు. మెరుగు బ్రష్షుకు అది పరవాలేదు, స్క్రూతో పట్టిన కటింగ్ బిళ్ళ ఉండగా మాత్రం ఆ స్విచ్ జోలికి పోకూడదు. దుకాణంలో నలుగురు ఒకే మిషన్ వాడుతుంటే ఆ స్విచ్ మీద టేపు అంటించడం మేలు.

ప్రశ్న: వజ్రపు పొడి అద్దిన చిన్న బిళ్ళలు, వాటి మాండ్రెళ్ళు కొన్నాను. నా టూల్ మూతిలో ఆ కాడలు వదులుగా ఉన్నాయి. కాడకు ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టి బిగించాను. పట్టింది గానీ బిళ్ళ ఊగుతూ తిరుగుతోంది, టైలు మీద గీత సరిగా పడడం లేదు.
- ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: ఆ టేపును దయచేసి వెంటనే విప్పేయండి. బిళ్ళ ఊగడం ఒక్కటే దాని ఫలితం కాదు, టేపు వేడికి మెత్తబడిన క్షణంలో కాడ మొత్తం బిళ్ళతో సహా బయటికి వస్తుంది.

ఈ కొలతల గందరగోళానికి ఒక చరిత్ర ఉంది. ఈ తరహా టూల్‌ను ఇంటింటి పరికరంగా చేసిన డ్రెమెల్ సంస్థ 1932లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, రసీన్ పట్టణంలో మొదలైంది. అక్కడి లెక్క అంగుళాలది కాబట్టి కాడ మందం అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3.175 మిల్లీమీటర్లుగా స్థిరపడింది. పెట్టెల మీద దాన్నే 3.2 అని వేస్తారు. దంతవైద్యుల పరికరాలదీ, నగల పనివారి పరికరాలదీ మరొక దారి, వారి కాడ 2.35 మిల్లీమీటర్లు. చౌక కిట్లలో 3 మిల్లీమీటర్ల కాడలు కూడా కలుస్తాయి. ఈ మూడూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. మీరు కొన్నవి 2.35 రకం అయి ఉండాలి.

కాడను పట్టుకునే చీలికల గొట్టాన్ని కోలెట్ అంటారు. ఒక్కో కోలెట్ ఒక్కో మందానికే సరిగ్గా మూసుకుంటుంది. 2.4 అని అమ్మే కోలెట్ మీ కాడలకు సరిపోతుంది. డ్రెమెల్ కోలెట్లలో దాన్ని వెనుక అంచున ఉండే మూడు గీతల చుట్టును బట్టి గుర్తుపట్టవచ్చు, 3.2 కోలెట్ మీద గీతలు ఉండవు. పాత నట్ విప్పి, ఉన్న కోలెట్‌ను లాగి, కొత్తది పెట్టి, కాడను లోపలికి పోయినంత పోనిచ్చి, తిరిగి కాస్త వెనక్కు లాగి నట్ బిగించండి. కాడ ఎంత ఎక్కువ బయటికి ఉంటే ఊగడం అంత ఎక్కువ. లోపల కాడ లేకుండా నట్‌ను మాత్రం ఎన్నడూ గట్టిగా బిగించకండి, కోలెట్ చీలికలు నొక్కుకుపోయి మళ్ళీ తెరుచుకోవు. ఇలా పాడైన కోలెట్లను చూసి టూల్‌నే నిందించేవారు చాలామంది ఉన్నారు.

టైలు కోసేటప్పుడు నీళ్ళు వాడాలని ఎవరైనా చెబితే, తడి స్పాంజితో టైలును తడపడం వరకే చేయండి. కరెంటు తీగతో నడిచే టూల్ దగ్గర నీటి ధార పనికిరాదు.

ప్రశ్న: స్క్రూ గాడి పూర్తిగా అరిగిపోయింది. బిళ్ళ సగం అరిగి ఉంది, తీయడానికి వీలు కావడం లేదు. ఏమైనా ఉపాయం ఉందా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: బిళ్ళ మీద ఆశ వదులుకోండి. రక్షణ అద్దాలు పెట్టుకుని, పట్టకారతో బిళ్ళను ముక్కలుగా విరిచివేస్తే స్క్రూ తల అడుగున సందు ఏర్పడుతుంది, అక్కడ కొస సన్నని ప్లైయర్‌తో తలను అంచున పట్టి తిప్పవచ్చు. ఆ మాండ్రెల్‌ను మళ్ళీ వాడకండి. మాండ్రెల్ శాశ్వతమైన వస్తువు కాదు, బిళ్ళల లాగానే అదీ అరిగిపోయే సామానే. రెండు మూడు అదనంగా కొని ఉంచుకోవాలి, స్క్రూ గాడికి అచ్చంగా సరిపోయే చిన్న స్క్రూడ్రైవర్ కూడా ఒకటి టూల్ పెట్టెలోనే ఉండాలి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. స్క్రూ బాధ పడలేక, స్ప్రింగ్‌తో బిళ్ళను పట్టుకునే కొత్త రకం మాండ్రెల్ కొన్నాను. డబ్బా మీద సెకన్లలో మార్చవచ్చని రాశారు. నాకు వేళ్ళు నొప్పి పుట్టాయి గాని బిళ్ళ ఎక్కలేదు. ఎక్కిన ఒక్కటి కోత మధ్యలో జారిపోయింది.
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: ఆ ఏర్పాటు మంచిదే, కానీ దాని లోపలి పని తెలియకపోతే వేళ్ళకు శిక్షే. బిళ్ళ మధ్యలో గుండ్రని రంధ్రానికి బదులు బో టై ఆకారంలో, అంటే నడుమ సన్నగా, రెండు కొసలా వెడల్పుగా ఒక రంధ్రం ఉంటుంది. మాండ్రెల్ తల కూడా అదే ఆకారం. తల కింద స్ప్రింగ్ మీద జారే తొడుగు ఉంటుంది. టూల్‌ను కరెంటు నుంచి తీసి, మూతి పైకి ఉండేలా నిలబెట్టండి. ఒక చేతి రెండు వేళ్ళతో తొడుగును కిందికి, టూల్ వైపుకు లాగి అక్కడే పట్టి ఉంచండి. రెండవ చేత్తో బిళ్ళ రంధ్రాన్ని తల మీదుగా దించి, పావు తిప్పు తిప్పితే తల రంధ్రానికి అడ్డంగా నిలుస్తుంది. అప్పుడు తొడుగును వదలండి. అది పైకి వచ్చి బిళ్ళ అడుగు భాగంలోని పల్లంలో కూర్చున్నప్పుడు చిన్నగా టక్కుమంటుంది. ఆ తరువాత బిళ్ళను వేలితో తిప్పితే మాండ్రెల్ కూడా కలిసి తిరగాలి.

వేళ్ళ నొప్పికి కారణం చాలాసార్లు స్ప్రింగ్ కాదు. మాండ్రెల్‌ను కోలెట్‌లోకి మరీ లోతుగా దించితే తొడుగుకు కిందికి జారడానికి చోటు ఉండదు. నట్‌కూ తొడుగుకూ నడుమ సందు ఉండేలా కాడను కొద్దిగా పైకి తీసి మళ్ళీ బిగించి చూడండి. కోత మధ్యలో జారిపోయిన బిళ్ళ విషయంలో, తొడుగు పల్లంలో పూర్తిగా కూర్చోలేదనుకోవాలి, లేదా బిళ్ళ మధ్య భాగం ఇదివరకే అరిగి రంధ్రం అంచులు గుండ్రబడి ఉండాలి. అలా గుండ్రబడిన బిళ్ళ అంచున ఎంత మిగిలి ఉన్నా పారేయవలసిందే. ఈ రకం బిళ్ళలు స్క్రూ మాండ్రెల్‌కు ఎక్కవు, స్క్రూ బిళ్ళలు దీనికి ఎక్కవు, అందుచేత కొనేటప్పుడు రెండూ కలపకండి.

ప్రశ్న: పొణికి కర్రతో బొమ్మలు చేస్తాను. కిట్‌లో పళ్ళున్న ఉక్కు బిళ్ళలు వచ్చాయి, పెద్దది రెండు అంగుళాలు ఉంది. దాన్ని నా రోటరీ టూల్‌కు బిగిస్తే కర్ర త్వరగా తెగుతుంది కదా? స్క్రూ బిగుసుకోవడానికి ఇంకేం జాగ్రత్త తీసుకోవాలి?
- ఒక పాఠకుడు, కొండపల్లి

సమాధానం: తీసుకోవలసిన జాగ్రత్త ఒక్కటే, దాన్ని బిగించకపోవడం.

లెక్క వేసి చూడండి. మీ టూల్ గరిష్ఠ వేగం నిమిషానికి 35,000 చుట్లు అనుకుంటే, రెండు అంగుళాల బిళ్ళ అంచు సెకనుకు 90 మీటర్లకు పైగా, అంటే గంటకు సుమారు 335 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇనుప పనివారి నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల వద్ద అంచు వేగం సెకనుకు సుమారు 58 మీటర్లే, దానికి బలమైన ఇనుప కవచం, రెండు చేతుల పట్టు ఉంటాయి. మీ చేతిలో ఉన్నదానికి కవచం లేదు, బిళ్ళను పట్టి ఉంచేది సన్నని కాడా, చిన్న స్క్రూ మాత్రమే. పన్ను కర్రలో ఇరుక్కుంటే టూల్ మొత్తం చేతి మీదికి తిరుగుతుంది, లేదా కాడ వంగుతుంది. బిళ్ళ మీదనో, దాని పెట్టె మీదనో గరిష్ఠ వేగం రాసి లేకపోతే అది మీ టూల్‌కు తగినదని అనుకునే హక్కు మనకు లేదు.

కటింగ్ వీల్‌తో కర్ర కోయాలన్న ఆలోచన కూడా వద్దు. రాపిడి బిళ్ళ కర్రను తెంచదు, మాడుస్తుంది. పొణికి ఎలాగూ మెత్తని, తేలికైన కర్ర కాబట్టి సన్న బ్లేడు చేతిరంపం మీకు ఇంతకన్నా వేగంగానే పని చేసిపెడుతుంది. రోటరీ టూల్‌ను చెక్కిన బొమ్మ నునుపు చేయడానికి ఉంచుకోండి.

ప్రశ్న: సముద్రం దగ్గరి ఇల్లు. డబ్బాలో ఉంచిన పాత కటింగ్ బిళ్ళలు వాడవచ్చా? బయటికి మామూలుగానే కనిపిస్తున్నాయి.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: రెసిన్‌తో బంధించిన బిళ్ళలకు తేమ పడదు, ఏళ్ళ తరబడి గాలిలోని చెమ్మ పీల్చిన బిళ్ళ చూడడానికి కొత్తదానిలా ఉన్నా లోపల బలం తగ్గి ఉండవచ్చు. పెద్ద గ్రైండర్ బిళ్ళల మధ్య ఉండే లోహపు చుట్టు మీద గడువు తేదీ ముద్రించడానికి కారణం అదే. చిన్న బిళ్ళల మీద అంత చోటు ఉండదు కాబట్టి కొన్న నెల, సంవత్సరం డబ్బా మీద మీరే రాసుకోవాలి. అంచున పెచ్చు లేచినవి, వంకర పోయినవి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నని చీలిక కనిపించేవి తీసివేయండి. మిగిలినవాటిని మూత గట్టిగా పట్టే డబ్బాలో పడుకోబెట్టి ఉంచండి, నిలబెడితే సన్నవి వంగుతాయి.

బాగున్నాయనిపించిన బిళ్ళను బిగించాక కూడా నేరుగా లోహానికి ఆనించకండి. టూల్‌ను శరీరానికి దూరంగా, బిళ్ళ తలానికి ఎవరూ ఎదురు లేకుండా పట్టుకుని, పూర్తి వేగంలో ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వండి. బలం పోయిన బిళ్ళ సాధారణంగా ఆ నిమిషంలోనే తేలిపోతుంది. టూల్ వణికితే ఆపి, స్క్రూ వదులు చేసి, బిళ్ళను కాడ మీద సగం తిప్పి మళ్ళీ బిగించి చూడండి, రంధ్రం కాస్త వెడల్పు అయిన బిళ్ళలు కొన్నిసార్లు ఇలా సర్దుకుంటాయి. అప్పటికీ వణుకు తగ్గకపోతే కొత్త బిళ్ళ పెట్టి చూడండి. దానికీ వణికితే లోపం కాడలోనో కోలెట్‌లోనో ఉన్నట్టు.